ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ ఎంత ఉండాలి? ఎలా కొలవాలి?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే గోదావరి జిల్లాల్లో తోటల్లోని గెస్ట్ హౌస్‌లకు గిరాకీ పెరుగుతుంది. కడియం నర్సరీల చుట్టుపక్కల, దిండి వైపు కొబ్బరి తోటల్లో, కువైట్ నుంచి తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్ళ పెరట్లో ఇప్పుడు చిన్న చిన్న స్విమ్మింగ్ పూల్స్ కనబడుతున్నాయి. ఈద్ మర్నాడు చుట్టాలంతా చేరతారు, పొద్దున్నే పిల్లలు నీళ్ళలోకి దిగుతారు, అసర్ వరకు బయటికి రారు. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి, ముక్కు మండుతూ ఉంటుంది. నీళ్ళ దగ్గర ఘాటు వాసన. "మందు ఎక్కువ వేసేశారురా" అంటుంది దాదీ. మర్నాడు క్లోరిన్ వెయ్యడం ఆపేస్తారు.

చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే. ఆ ఘాటు వాసన సాధారణంగా క్లోరిన్ ఎక్కువైనందుకు రాదు, పని చేసే క్లోరిన్ తక్కువైనందుకు వస్తుంది.

నీళ్ళలో వేసిన క్లోరిన్ రెండు రకాలుగా ఉంటుంది. ఇంకా ఖాళీగా ఉండి, క్రిములు వస్తే చంపడానికి సిద్ధంగా ఉన్నది ఫ్రీ క్లోరిన్. చెమట, మూత్రం, ఒంటి మీది నూనె లాంటి వాటిలోని నత్రజని పదార్థాలతో కలిసిపోయి పని అయిపోయినది కంబైన్డ్ క్లోరిన్. దీన్నే క్లోరమైన్లు అంటారు. కళ్ళు మండించేదీ, ముక్కు పట్టేసే వాసన ఇచ్చేదీ ఈ క్లోరమైన్లే. రెండూ కలిపితే టోటల్ క్లోరిన్. సరిగ్గా చూసుకునే పూల్‌లో వాసన చాలా తక్కువ ఉంటుంది. అందుకే ముక్కుతో కొలవడం కుదరదు.

మన జిల్లాల్లో క్లోరిన్ అంటే కొంత భయం కూడా ఉంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరినప్పుడు, కోవిడ్ కోసం చల్లిన బ్లీచింగ్ మీద, క్లోరిన్ మీద కూడా మొదట్లో అనుమానం వచ్చింది. తర్వాత పరీక్షలు పురుగుమందుల అవశేషాల వైపు, సీసం, నికెల్ వైపు వెళ్ళాయి. కానీ జనం మనసులో మొదటి మాటే మిగిలిపోయింది. క్లోరిన్ ఎక్కువైతే ఇబ్బందే, అందులో సందేహం లేదు. లేకపోతే వచ్చే ఇబ్బంది అంతకంటే పెద్దది.

లీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే 1 పీపీఎం ఫ్రీ క్లోరిన్ ఉన్న నీళ్ళలో విరేచనాలు కలిగించే ఈ.కోలై రకం బాక్టీరియా ఒక నిమిషంలోపే చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కు సుమారు 16 నిమిషాలు పడుతుంది. జియార్డియాకు 45 నిమిషాలు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం వారం పైగా బతికే ఉంటుంది. అందుకే విరేచనాలతో ఉన్న పిల్లల్ని, తగ్గినా సరే కొన్ని రోజుల వరకు, పూల్‌లోకి దింపకూడదు. ఎంత క్లోరిన్ ఉన్నా ఈ ఒక్క విషయంలో అది కాపాడదు.

ముక్కు ద్వారా వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. గోరువెచ్చని మంచినీటిలో పెరిగే నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే బతికేవాళ్ళు చాలా తక్కువ. కేరళలో 2024, 2025లో అమీబా వల్ల వచ్చే మెదడు జ్వరం కేసులు వచ్చినప్పుడు అక్కడి ప్రభుత్వం బావులు, ట్యాంకులు, పూల్స్‌లో క్లోరిన్ వెయ్యడం మీద దృష్టి పెట్టింది. కరాచీలో 2008, 2009లో ఈ జబ్బుతో చనిపోయిన 13 మంది గురించి డాక్టర్లు రాశారు. వాళ్ళలో దాదాపు ఎవరూ ఈతకు వెళ్ళినవాళ్ళు కాదు. వజూ చేసేటప్పుడు ముక్కులోకి ఎక్కించిన కుళాయి నీళ్ళ మీదే అనుమానం వచ్చింది. చాలా అరుదైన జబ్బు ఇది, కంగారు పడాల్సిన పని లేదు. తాగితే రాదు కూడా. కానీ ట్యాంకులో, హౌజ్‌లో, పూల్‌లో క్లోరిన్ కొలవడం ఎందుకో ఇది చెబుతుంది.

కొలిచే పద్ధతి

బజారులో రెండు రకాల చుక్కల మందు కిట్లు దొరుకుతాయి. పాతది ఓటీ, అంటే ఆర్థోటొలిడిన్. నీళ్ళు పసుపు రంగుకు తిరుగుతాయి. పంచాయతీ వాటర్ ట్యాంకుల దగ్గర సిబ్బంది వాడే క్లోరోస్కోప్‌లో ఎక్కువగా ఇదే ఉంటుంది. చవక, కానీ ప్రధానంగా చూపేది టోటల్ క్లోరిన్. వెంటనే చూసిన రంగు ఫ్రీ క్లోరిన్‌కు దగ్గరగా ఉంటుంది, ఆగేకొద్దీ కంబైన్డ్ కూడా కలిసి రంగు ముదురుతుంది. పైగా ఆ రసాయనం ఒంటికి మంచిది కాదు. చేతికి అంటకుండా చూసుకోవాలి, పరీక్ష చేసిన నీళ్ళు తిరిగి పూల్‌లో పోయకూడదు.

రెండోది డీపీడీ. నీళ్ళు గులాబీ రంగుకు వస్తాయి. ఒకటో నంబరు బిళ్ళ వేస్తే ఫ్రీ క్లోరిన్ తెలుస్తుంది, అదే నీళ్ళలో మూడో నంబరు వేస్తే టోటల్ తెలుస్తుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే కంబైన్డ్. ఇంటి పూల్ ఉన్నవాళ్ళు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇదే కొనుక్కోవడం మేలు.

నీళ్ళు పైపైన ముంచకూడదు. మోచెయ్యి మునిగేంత లోతు నుంచి, నీళ్ళు లోపలికి వచ్చే పైపుకు దూరంగా తియ్యాలి. రంగును పగటి వెలుతురులో, నీడలో నిలబడి పోల్చాలి. ఒక్కోసారి డీపీడీ వెయ్యగానే గులాబీ రంగు మెరిసి మాయమైపోతుంది. "క్లోరిన్ సున్నా" అనుకుని ఇంకా పోసేస్తారు. నిజానికి అప్పుడు క్లోరిన్ మరీ ఎక్కువై రంగునే తినేసింది. అనుమానం వస్తే సగం పూల్ నీళ్ళు, సగం క్లోరిన్ లేని బాటిల్ నీళ్ళు కలిపి మళ్ళీ చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చెయ్యాలి. ముంచి చూసే కాగితపు స్ట్రిప్పులు కూడా ఉన్నాయి గానీ, మన డెల్టా గాలిలోని చెమ్మకి మూత ఒకసారి సరిగ్గా పెట్టకపోతే మొత్తం డబ్బా పాడవుతుంది.

ఎంత ఉండాలంటే, స్టెబిలైజర్ వాడని పూల్‌లో ఫ్రీ క్లోరిన్ కనీసం 1 పీపీఎం, వాడితే కనీసం 2. కంబైన్డ్ 0.4 దాటకూడదు. దాటితే దాన్ని విరగ్గొట్టడానికి అంతకు పదింతల ఫ్రీ క్లోరిన్ ఒకేసారి పెంచాలి. కంబైన్డ్ 0.6 ఉంటే 6 పీపీఎం అన్నమాట. ఘాటు వాసన వచ్చినప్పుడు చెయ్యాల్సింది ఇదే, క్లోరిన్ ఆపడం కాదు. ఆ రోజు ఎవరూ దిగకూడదు. లెవెల్ మామూలుకు వచ్చాక కొలిచి చూసి దిగాలి.

క్లోరిన్‌తో పాటు పీహెచ్ చూడకపోతే సగం పరీక్షే అయినట్టు. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం చురుగ్గా పని చేసే రూపంలో ఉంటుంది. 8కి చేరితే అది సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. కిట్ మాత్రం అదే అంకె చూపిస్తుంది. మన దగ్గర బోరు నీళ్ళు చాలాచోట్ల చౌడు, గట్టి నీళ్ళు, సముద్రం వైపు వెళ్తే ఉప్పు కూడా. దానికి తోడు బ్లీచింగ్ పౌడర్‌లోని సున్నం పీహెచ్‌ని ఇంకా పైకి లాగుతుంది. 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుకుంటే చాలు. పీహెచ్, ఆల్కలినిటీ కిట్ల కోసం హైదరాబాద్ నుంచి తెప్పించుకోనక్కర్లేదు. భీమవరం వైపు రొయ్యల చెరువులకు సరుకు అమ్మే ఆక్వా షాపుల్లో అడిగితే ఉంటాయి.

ఎంత వెయ్యాలి: లెక్క

ముందు పూల్‌లో ఎన్ని లీటర్లో తెలియాలి. పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో గుణించి, 28.3తో మళ్ళీ గుణించాలి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు అయితే 800 ఘనపుటడుగులు, అంటే సుమారు 22,600 లీటర్లు. 1 పీపీఎం పెంచాలంటే 22.6 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. 33 శాతం బ్లీచింగ్ పౌడర్ అయితే సుమారు 70 గ్రాములు. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 35 గ్రాములు. 10 శాతం ద్రవ హైపో అయితే పావు లీటరుకు కాస్త తక్కువ.

ఈ శాతాలు కొత్త సరుకుకు. బ్లీచింగ్ సంచి విప్పి వరండాలో పెడితే చెమ్మకి, వేడికి బలం పోతూనే ఉంటుంది. నిరుడు తెచ్చిన సంచిలో ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. లెక్క ప్రకారం వేసి, ఓ గంట ఫిల్టర్ తిప్పి మళ్ళీ కొలిస్తే సరుకు బలం తెలిసిపోతుంది. బ్లీచింగ్‌ని నేరుగా చల్లకుండా, ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి, అందులో పొడి కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళే పూల్‌లో పోయాలి. లేకపోతే టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది.

ఎండ, స్టెబిలైజర్

క్లోరిన్ నిలబడకపోవడానికి మన దగ్గర ముఖ్య కారణం ఎండ. రాజమండ్రి మే నెల మధ్యాహ్నం గురించి కొత్తగా చెప్పేదేముంది. నేరుగా ఎండ పడే నీళ్ళలో ఏ రక్షణా లేకపోతే క్లోరిన్ గంటలోపే సగమైపోతుంది. పొద్దున్న వేసింది జొహర్‌కి మిగలదు. దీన్ని ఆపడానికి వేసేదే సయనూరిక్ యాసిడ్. షాపుల్లో స్టెబిలైజర్ అని, కండిషనర్ అని అమ్ముతారు. ఇది క్లోరిన్‌ని తనతో వదులుగా పట్టి ఉంచి, ఎండకు విరిగిపోకుండా కాపాడి, అవసరమైనప్పుడు వదులుతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే సరిపోతుంది. పైన చెప్పిన పూల్‌కు సున్నా నుంచి 30కి తేవాలంటే సుమారు 680 గ్రాములు. త్వరగా కరగదు, కాబట్టి పాత సాక్సులో కట్టి నీళ్ళు వచ్చే పైపు దగ్గర వేలాడదీస్తారు.

చిక్కు ఎక్కడంటే, ఇది ఎండకు పోదు, ఆవిరైపోదు. వేసింది వేసినట్టే ఉండిపోతుంది. తేలే డబ్బాలో పెట్టే తెల్ల బిళ్ళలు ఉన్నాయే, ట్రైక్లోర్ బిళ్ళలు, వాటిలో క్లోరిన్‌తో పాటు స్టెబిలైజర్ కూడా కలిసే ఉంటుంది. ఒక పీపీఎం క్లోరిన్ ఇచ్చిన ప్రతిసారీ 0.6 పీపీఎం సయనూరిక్ మిగులుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున మార్చి మొదటి నుంచి మే చివరి దాకా, 90 రోజులు వాడితే 108 పీపీఎం పోగవుతుంది. బిళ్ళలు అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

అప్పుడు ఏమవుతుంది? కిట్‌లో క్లోరిన్ 2 అని చక్కగా కనిపిస్తుంది. నీళ్ళు మాత్రం పచ్చబడతాయి, గోడలు జారుతుంటాయి. ఎక్కువైన స్టెబిలైజర్ క్లోరిన్‌ని గట్టిగా పట్టేసుకుంది, అది పనికి రావట్లేదు. పూల్స్ చూసుకునేవాళ్ళు వాడే ఒక లెక్క ప్రకారం ఫ్రీ క్లోరిన్ సయనూరిక్‌లో 7.5 శాతం ఉండాలి. 30 ఉంటే 2.25 చాలు. 100 ఉంటే 7.5 కావాలి. కొలిచేందుకు వేరే కిట్ ఉంటుంది. మందు కలిపితే నీళ్ళు పాలలా మబ్బుగా మారతాయి, గొట్టంలో పోస్తూ అడుగున ఉన్న నల్ల చుక్క ఎక్కడ కనబడకుండా పోతే అక్కడి అంకె చదవాలి. నెలకొకసారి చూస్తే చాలు.

ఎక్కువైతే తగ్గించడానికి ఇంట్లో కుదిరే దారి ఒక్కటే. కొంత నీరు తీసేసి కొత్త నీరు పోయడం. సగం మారిస్తే సగమవుతుంది. కానీ మన డెల్టాలో ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, ధవళేశ్వరం నుంచి నీళ్ళు మళ్ళీ జూన్‌లోనే. ఊరి మంచినీళ్ళ చెరువే ఆ రోజుల్లో పొదుపుగా వాడుకుంటుంటే, పూల్ నింపడానికి ట్యాంకర్ తెప్పించడం ఎవరికీ బాగోదు. అందుకే మొదటి నుంచే జాగ్రత్తపడాలి. ఎండాకాలం మొదట్లో ఒకసారి స్టెబిలైజర్ 30కి తెచ్చుకుని, ఆ తర్వాత రోజువారీ క్లోరిన్‌కు స్టెబిలైజర్ లేని ద్రవ హైపో గానీ బ్లీచింగ్ తేట గానీ వాడాలి. బిళ్ళలు ఊరెళ్ళే నాలుగు రోజులకు ఉంచుకోవచ్చు.

తీసేసే నీళ్ళ సంగతి కూడా ఉంది. క్లోరిన్ ఉన్న నీరు పంట బోదెలోకి, కాలువలోకి, పక్కవాళ్ళ చేపల చెరువు వైపు వదిలితే చేపలు, రొయ్యలు చచ్చిపోతాయి. గొడవ అక్కడితో ఆగదు. క్లోరిన్ వెయ్యడం ఆపి, రెండు మూడు రోజులు ఎండకు వదిలి, కిట్‌లో సున్నా వచ్చాకే వదలాలి. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్ వేస్తే క్లోరిన్ విరిగిపోతుంది, ఆక్వా షాపుల్లో ఉంటుంది.

క్లోరిన్ ఎక్కడికి పోతోందో తెలియకపోతే ఇషా తర్వాత ఒకసారి, ఫజర్‌కి ఎండ రాకముందు ఒకసారి కొలవాలి. మధ్యలో ఎవరూ దిగకూడదు, మందు వెయ్యకూడదు. రాత్రికి రాత్రే 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గిందంటే నీళ్ళలో పాచో, ఆకుల కుళ్ళో ఏదో తింటోంది. గోడలు రుద్ది, ఫిల్టర్ కడిగి, ఒకసారి గట్టి డోసు వెయ్యాలి. రాత్రి తగ్గకుండా పగలే పోతుంటే అది ఎండ పని, స్టెబిలైజర్ చూసుకోవాలి. మామూలు రోజుల్లో కూడా డోసు పొద్దుగూకాక వెయ్యడమే మంచిది. చాటు కోసం ఆడవాళ్ళు రాత్రి పూట దిగే ఇళ్ళలో మాత్రం వాళ్ళు బయటికి వచ్చాక వెయ్యాలి.

ఒక్క విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ లేదు. బ్లీచింగ్‌ని గానీ హైపోని గానీ యాసిడ్‌తో, బాత్‌రూమ్ కడిగే మందుతో కలిపితే విషవాయువు వస్తుంది. పీహెచ్ తగ్గించడానికి యాసిడ్ వేస్తే, క్లోరిన్ వేరే పూట వెయ్యాలి. ట్రైక్లోర్ బిళ్ళల డబ్బాలో కాల్షియం హైపోక్లోరైట్ పోస్తే మంటలు లేస్తాయి, పేలుతుంది. రెండింటికీ ఒకే చెంచా కూడా వాడకూడదు. ఎప్పుడైనా నీళ్ళలో మందు వెయ్యాలి గానీ, మందు మీద నీళ్ళు పోయకూడదు.

హౌజ్, మేడ మీద ట్యాంకు, బావి

పూల్ లేని ఇళ్ళే ఎక్కువ. వాళ్ళకు కూడా ఇదే కిట్ పనికొస్తుంది, అంకెలే వేరు. తాగే నీళ్ళకు భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర ఫ్రీ క్లోరిన్ కనీసం 0.2 ఉండాలి, వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే 0.5, గరిష్ఠంగా 1. మునిసిపల్ నీళ్ళు వచ్చినప్పుడు కుళాయి దగ్గర 0.3 ఉండి, మేడ మీద నల్ల ట్యాంకులో ఒక రోజు ఉండేసరికి సున్నా కావచ్చు. మూత లేకపోతే ఇంకా తొందరగా.

మస్జిద్ హౌజ్ విషయంలో కొంచెం ఆలోచించాలి. అక్కడ నోరు పుక్కిలిస్తారు, ముక్కులోకి ఎక్కిస్తారు, కాబట్టి తాగే నీళ్ళ లెక్కే వర్తిస్తుంది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు హౌజ్ అంటే సుమారు 15 అడుగులకు 15 అడుగులు. 3 అడుగుల నీళ్ళుంటే దాదాపు 19,000 లీటర్లు. 0.5 పీపీఎం పెంచడానికి 30 గ్రాముల కొత్త బ్లీచింగ్ చాలు. ఇషా జమాత్ అయ్యాక తేట పోసి, ఫజర్ అజాన్‌కు ముందు కొలవాలి. 1 దాటకూడదు. స్టెబిలైజర్ ఇక్కడ వద్దు. శుభ్రం కోసం వేసిన క్లోరిన్ వల్ల వాసన కాస్త మారినంత మాత్రాన వజూకి నీళ్ళు పనికిరాకుండా పోవని ఉలమా చెబుతారు. చేపలు పెంచే హౌజ్‌లో మాత్రం క్లోరిన్ వెయ్యడానికి లేదు. అక్కడ ముక్కుకు, నోటికి కుళాయి నీళ్ళు వాడుకునే ఏర్పాటు చెయ్యడం మేలు.

వరద వచ్చిన ఏడాది లెక్క మారిపోతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకల్లో ఇళ్ళు నీట మునిగాయి. అలాంటప్పుడు బావిలోని ఎర్ర నీళ్ళలో నేరుగా క్లోరిన్ వేస్తే ఆ మట్టే దాన్ని తినేస్తుంది. ముందు బావిని తోడాలి. పట్టి పెట్టుకున్న నీళ్ళయితే పటికతో గానీ, లంకల్లో పెద్దవాళ్ళు కుండలో అరగదీసే చిల్లగింజతో గానీ తేర్చి, ఆ తర్వాత క్లోరిన్ వెయ్యాలి. 4 అడుగుల వరల బావిలో 10 అడుగుల నీళ్ళుంటే సుమారు 3,500 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 9 గ్రాముల మంచి బ్లీచింగ్. బకెట్‌లో కలిపి తేర్చి, చేద బకెట్‌ను నీళ్ళ లోపలికి దింపి పైకీ కిందికీ ఆడించాలి. గంట ఆగి కొలిస్తే 0.5 ఉండాలి. లేకపోతే ఇంకొంచెం వేసి, మళ్ళీ గంట ఆగి, మళ్ళీ కొలవాలి.